లాటరీలో నా పేరు వేయమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు ఇరవై తొమ్మిదో వారం. తొలి కాన్పు. పోయిన నెల గ్లూకోజు నీళ్లు తాగించి పరీక్ష చేసి షుగరు ఉందన్నారు. రెండు వారాలుగా తిండి మార్చుకున్నాను, రోజూ నడుస్తున్నాను. అయినా పరగడుపున 98, 101, ఇలాగే వస్తోంది. ఇక మందు తప్పదంటూ, ఒక పరిశోధనలో చేరతారా అని అడిగారు. చేరితే నాకు మాత్రలు ఇవ్వాలో ఇన్సులిన్ ఇవ్వాలో నిర్ణయించేది డాక్టరు కాదట, కంప్యూటరట. పదకొండు పేజీల సమ్మతి పత్రం చేతికిచ్చి పంపారు. మావారు సంతకం పెట్టెయ్యమంటున్నారు. మా అత్తగారు "కడుపులో బిడ్డను పెట్టుకుని ప్రయోగాలేమిటి?" అంటున్నారు. నాకు అర్థం కానిది ఒకటే. ఏ మందు మంచిదో డాక్టరుకు తెలిస్తే లాటరీ ఎందుకు? తెలియకపోతే నేను ఆ డాక్టరు దగ్గరికి వెళ్లడం ఎందుకు?

జవాబు: అమ్మా, మీ చివరి మాట చదివి నవ్వాను. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా కాన్పుల వార్డులో పనిచేశాను గానీ ఇంత సూటిగా నన్ను ఎవరూ నిలదీయలేదు.

మీ డాక్టరుకు కొంత తెలుసు. ఆ మాత్ర బహుశా మెట్‌ఫార్మిన్ అయి ఉంటుంది. దాన్ని ఇన్సులిన్‌తో పోల్చిన పెద్ద పరిశోధన ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో జరిగి 2008లో వెలువడింది. అందులో చేరిన గర్భిణులు 751 మంది. బిడ్డలకు వచ్చిన ఇబ్బందులన్నీ కలిపి చూస్తే రెండు గుంపుల్లోనూ 32 శాతం దగ్గరే ఉన్నాయి. ఆ అంకె చూసి బెదిరిపోకండి. పుట్టిన వెంటనే రక్తంలో చక్కెర తగ్గడం, కామెర్లకు దీపం కింద ఉంచడం వంటివి కూడా అందులో లెక్కే. మాత్రలు తీసుకున్నవారిలో 46 శాతం మందికి చివరకు ఇన్సులిన్ కూడా కలపవలసి వచ్చింది. అయినా మరోసారి గర్భం వస్తే ఇదే మందు కోరుకుంటారా అని అడిగితే మాత్రలవారిలో 76.6 శాతం ఔనన్నారు, ఇన్సులిన్‌వారిలో 27.2 శాతమే. సూదంటే ఎవరికి ముద్దు?

అలాంటప్పుడు అందరికీ మాత్రలే ఇవ్వవచ్చు కదా అంటారేమో. చిక్కు మాయ దగ్గర వచ్చింది, అంటే కడుపులో బిడ్డకు తల్లి నుంచి ఆహారం అందించే మాయ. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకు చేరుతుంది. ఇన్సులిన్ దాదాపు దాటదు. మెట్‌ఫార్మిన్ దాటుతుంది. మరి దాటి ఏం చేస్తుంది? తెలుసుకోవాలని ఆ పరిశోధనలో పుట్టిన పిల్లల్లో కొందరిని ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. అడిలైడ్‌లో ఏడేళ్ల పిల్లల్లో రెండు గుంపులకూ తేడా కనబడలేదు. ఆక్లాండ్‌లో తొమ్మిదేళ్ల పిల్లల్లో మాత్రల గుంపువారు కొంచెం బరువుగా, నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉన్నారు. ఒంట్లో కొవ్వు శాతం మాత్రం ఇంచుమించు ఒకటే. దీన్ని మంచి అనాలా, చెడు అనాలా? నలుగురు డాక్టర్లను కూర్చోబెడితే అయిదు అభిప్రాయాలు వస్తాయి. మీ డాక్టరుకు తెలియనిది ఇదీ.

ఏది మేలో తెలిసి కూడా లాటరీ వేస్తే అది తప్పు. తెలియనప్పుడు డాక్టరు తనకు తోచింది రాసిస్తే అదీ ఒక రకం లాటరీయే, కాకపోతే చీటీ డాక్టరు జేబులో ఉంటుంది.

చీటీ అన్నాను కనుక నా తప్పు ఒకటి చెబుతాను. నేను చదువుకునే రోజుల్లో మా వార్డులో ఒక పరిశోధన నడిచింది. షుగరున్న గర్భిణుల్లో ఒక గుంపు రోజుకు చాలాసార్లు వేలు గుచ్చి పరీక్షించుకోవాలి, రెండో గుంపు కొన్నిసార్లు చాలు. ఎవరు ఏ గుంపో అంటించిన కవర్లలో ఉండేది. వరుస క్రమంలో తెరవడం నా పని. ఒక రోజు సూదిని చూస్తేనే వణికే అమ్మాయి వచ్చింది, పట్టుమని ఇరవై ఏళ్లు లేవు. నాకు జాలేసింది. కవరు ట్యూబులైటుకు ఎదురుగా పట్టి చూశాను. "ఎక్కువసార్లు" అని లీలగా కనబడింది. దాన్ని అట్టడుగుకు తోసి తర్వాతి కవరు తెరిచాను. ఆ తర్వాత అది అలవాటైపోయింది. నెల తిరిగేసరికి భయస్థులందరూ ఒకే గుంపులో చేరారు. భయపడేవారు ఆసుపత్రికీ తక్కువగా వస్తారు, ఉన్న విషయమూ తక్కువగా చెబుతారు. ఇక రెండు గుంపుల మధ్య తేడా వస్తే అది పరీక్షల వల్లనో, భయం వల్లనో ఎలా తెలుస్తుంది? మా మేడమ్ గారు లెక్కలు చూసి ఒకే మాట అడిగారు: "లైటు కింద పెట్టి చూశావా?" ఆ నెలలో చేరినవారి వివరాలన్నీ పక్కన పెట్టేశారు. అన్నిసార్లు వేళ్లు గుచ్చుకున్నవాళ్ల శ్రమ నా జాలి వల్ల వ్యర్థమైంది. ఇప్పుడు ఆ పని కంప్యూటరుకు అప్పగించడానికి కారణం నాలాంటివాళ్లే.

మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. 1950ల చివర్లో థాలిడోమైడ్ అనే మందును గర్భిణులకు వేవిళ్లకని ఇచ్చారు. వేలమంది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా లేకుండా పుట్టారు. అది పరిశోధనలో జరిగిన ఘోరం కాదు, సరైన పరిశోధన లేకుండా మందు అమ్మడం వల్ల జరిగింది. ఆ దెబ్బతో కొన్ని దశాబ్దాలపాటు గర్భిణులను పరిశోధనలకు దూరంగా ఉంచారు. దాంతో గర్భిణులు మందులు వాడటం మానలేదు, ఆ మందులు ఏం చేస్తున్నాయో లెక్క రాయడం మాత్రం మానేశారు.

ఇంకొక సంగతి, మీకు ఊరట కలిగించేది. మీ పరిశోధనలో రెండు గుంపులకూ వైద్యం అందుతుంది. అన్నిచోట్లా అలా ఉండదు. ఆస్ట్రేలియాలో మొదలై 2005లో ఫలితాలు వచ్చిన ఒక పరిశోధనలో వెయ్యి మంది చేరారు. సగం మందికి షుగరుకు వైద్యం చేశారు. మిగతా సగానికి మామూలు గర్భిణుల సంరక్షణే. వారికి షుగరుందన్న సంగతి వారికి గానీ, వారిని చూసే వైద్యులకు గానీ తెలియనివ్వలేదు. బిడ్డలకు తీవ్రమైన ఇబ్బందులు వైద్యం చేసిన గుంపులో 1 శాతం, రెండో గుంపులో 4 శాతం. స్వల్పంగా ఉన్న షుగరుకు వైద్యం దండగ అని వాదించినవారికి అది గట్టి జవాబు. ఆ రెండో గుంపు సంగతి మాత్రం నాకు ఈనాటికీ మింగుడు పడదు.

ఇక సంతకం మాట. మళ్లీ వెళ్లినప్పుడు ముందుగా ఇది అడగండి: నాకు వచ్చిన మందుతో చక్కెర అదుపులోకి రాకపోతే ఎన్ని రోజులు చూస్తారు, తర్వాత ఏం ఇస్తారు? పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకు 120 లోపు ఉండాలన్నది చాలాచోట్ల పెట్టుకునే లక్ష్యం. దాన్ని దాటితే మందు మార్చే నియమం పత్రంలో స్పష్టంగా ఉండాలి. మధ్యలో మానుకుంటే వైద్యంలో తేడా రాదని రాసి ఉందా, మందువల్ల హాని జరిగితే ఖర్చు ఎవరిది, బొడ్డుతాడు రక్తం దాచిపెడతారా, బిడ్డను ఎన్నేళ్లు పిలుస్తారు, ఇవీ చూసుకోండి. పరిశోధన న్యాయంగా జరుగుతోందా అని చూసే నైతిక సంఘం ఫోను నంబరు చివరి పేజీలో ఉండాలి. మొదటి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పారంటే, నేనైతే చేరతాను. "అదంతా మేం చూసుకుంటాం లెండి" అన్నారంటే పత్రం తిరిగి ఇచ్చేసి, మామూలుగా వైద్యం చేయించుకుంటాను.

ప్రశ్న: మా చెల్లెలికి ఒక ఆసుపత్రిలో 75 గ్రాముల గ్లూకోజుతో పరీక్ష చేసి, పరగడుపున 93 వచ్చింది కాబట్టి షుగరు ఉందన్నారు. మరోచోట ముందు 50 గ్రాములతో చిన్న పరీక్ష చేసి, ఏమీ లేదు పొమ్మన్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పు?

జవాబు: ఎవరిదీ కాదు. తొమ్మిది దేశాల్లో 15 కేంద్రాల్లో సుమారు 25 వేల మంది గర్భిణులను పరీక్షించిన పరిశోధన ఒకటి 2008లో వచ్చింది. చక్కెర పెరిగేకొద్దీ బిడ్డ మరీ పెద్దగా పెరగడం వంటివీ పెరుగుతూ పోయాయి. ఇక్కడి నుంచి ప్రమాదం అని చూపించే గట్టు ఎక్కడా కనబడలేదు. నేల నునుపుగా ఎత్తు పెరుగుతోంది, గీత మనమే గీసుకోవాలి. నిపుణులు 2010లో కూర్చుని పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153 అని గీశారు. వీటిలో ఒక్కదాన్ని అందుకున్నా షుగరే. 75 గ్రాములతో ఒకేసారి తేల్చే ఈ పద్ధతి ఒకే అంచెది. ముందు 50 గ్రాముల చిన్న పరీక్ష చేసి, అందులో ఎక్కువొస్తేనే పెద్ద పరీక్షకు పంపే రెండంచెల పద్ధతివారు వేరేచోట గీశారు.

ఏ గీత మేలు? సుమారు 24 వేల మందిపై అమెరికాలో చేసి 2021లో ప్రకటించిన పోలికలో ఒకే అంచె పద్ధతిలో 16.5 శాతం మందికి, రెండంచెలలో 8.5 శాతం మందికి షుగరని తేలింది. తల్లీబిడ్డల ఫలితాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మరుసటి ఏడాది న్యూజీలాండ్‌లో ఎక్కువ గీతనూ తక్కువ గీతనూ పోల్చినా మొత్తం మీద అదే తేలింది. అయితే రెండు గీతల నడుమ పడ్డవారిని విడిగా చూస్తే, వైద్యం అందినవారి బిడ్డలు మరీ పెద్దగా పెరగడం తగ్గింది. మీ చెల్లెలు ఆ నడిమి జాగాలోనే ఉంది. నా మాట అడిగితే, పరగడుపు లెక్క పెరిగిందంటే నేను వదిలిపెట్టను. తిండి సరిచూసుకుని వారం రోజులు ఇంట్లోనే పరీక్షించుకోమనండి. ఆ కాగితం చూపిస్తే ఏ డాక్టరైనా నిశ్చయంగా చెప్పగలరు.

ప్రశ్న: కాన్పై రెండు నెలలైంది. షుగరు పోయిందని ఇంటికి పంపారు. ఇప్పుడు పరిశోధనవాళ్లు మళ్లీ గ్లూకోజు నీళ్లు తాగడానికి రమ్మని రోజూ ఫోను. బిడ్డతో నిద్రే లేదు. వెళ్లకపోతే ఏమిటి?

జవాబు: వాళ్ల కోసం కాకపోయినా మీ కోసం వెళ్లండి. గర్భంలో షుగరు వచ్చినవారికి తర్వాత జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం, రానివారితో పోలిస్తే దాదాపు పది రెట్లని 2020లో పాత పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టారు. అసలు 1964లో బోస్టన్‌లో గర్భిణులకు మొదటి గీత గీసినప్పుడు చూసింది కూడా బిడ్డ సంగతి కాదు, ఈ తల్లికి రేపు మధుమేహం వస్తుందా అన్నదే. కాన్పైన 4 నుంచి 12 వారాల మధ్య ఈ పరీక్ష చేయించుకోవాలి. మీకింకా గడువుంది. రెండు గంటలు పడుతుంది కాబట్టి బిడ్డను ఎత్తుకునేందుకు ఒక మనిషిని వెంట తీసుకెళ్లండి.

ఫోను చేసే అమ్మాయిని కసరకండి. ఒకప్పుడు ఆ ఫోనులు చేసింది నేనే. సగం మంది ఎత్తేవారు కారు.