గోడ మీద బొమ్మ, ఊళ్లో గొడవ

కళాఖండాల చుట్టూ రేగే వివాదాల గురించి విశాఖపట్నం పాఠకులు పంపిన ప్రశ్నలు, వాటికి మా చిత్ర, శిల్పకళా విభాగం జవాబులు.

ప్రశ్న: కోణార్క్ గుడి మీది శృంగార శిల్పాలను పిల్లాపాపలతో వెళ్లి చూసి వస్తాం. అలాంటి బొమ్మే కాగితం మీద కనిపిస్తే కేసులు పెడతారు. తేడా ఎక్కడుంది?
– ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, పెదవాల్తేరు

జవాబు: బొమ్మలో ఏముంది అన్నదాని కంటే అది ఎక్కడుంది, ఎవరి కంట పడింది అన్నదాని మీదే గొడవ ఎక్కువగా ఆధారపడుతుంది. 13వ శతాబ్దపు కోణార్క్ గోడల మీద మిథునాల పక్కనే ఏనుగుల వరసలు, సైనికులు, వాద్యాలు మోగించే స్త్రీలు ఉంటారు. చూసేవాడి కన్ను అన్నిటి మీదుగా సాగిపోతుంది. ఒక్క మిథునాన్ని ఫొటో తీసి పెద్దది చేస్తే ఆ లోకమంతా పోయి రెండు దేహాలే మిగులుతాయి.

ఇటలీ కళాకారుడు మైకెలాంజెలో 1541లో వాటికన్‌లోని సిస్టీన్ ప్రార్థనాలయంలో, నగ్న దేహాలతో నిండిన ‘తుది తీర్పు’ కుడ్యచిత్రం ముగించాడు. అది పూర్తి కాకముందే, పోపు కొలువులో ఉత్సవాలు చూసే అధికారి బియాజియో దాన్ని చూసి, ఇది స్నానశాలలకో సారాయి కొట్లకో తగ్గ బొమ్మ అన్నాడని ఆ కాలపు చరిత్రకారుడు వాసారి రాశాడు. అంటే అతని అభ్యంతరం చోటు గురించే. మైకెలాంజెలో ఊరుకోలేదు. నరకంలో తీర్పు చెప్పే మీనోస్‌కు అతని ముఖం పెట్టి, గాడిద చెవులు తగిలించాడు. 1563లో కేథలిక్ మతపెద్దల ట్రెంట్ మహాసభ చర్చి బొమ్మల్లో అసభ్యత ఉండకూడదని తీర్మానించింది. మైకెలాంజెలో 1564లో కన్నుమూశాక, ఆయన సన్నిహితుడు డానియెలె ద వోల్టెర్రా దేహాలకు గుడ్డలు చుట్టే పనికి పూనుకున్నాడు. సెయింట్ కేథరీన్, సెయింట్ బ్లేజ్ ఉన్న చోట సున్నపు పూతనే చెక్కేసి, కొత్త పూత వేసి, అది తడిగా ఉండగానే మళ్లీ గీశాడు. మిగతా చోట్ల ఆరిన బొమ్మ మీదే రంగు వేశాడు. 1994లో ముగిసిన శుద్ధిలో తర్వాతివాళ్లు చుట్టిన గుడ్డలు కొన్నింటిని తొలగించగలిగారు. ఆ ఇద్దరి అసలు రూపం మాత్రం ఇక గోడ మీద లేదు. 1549లో మార్చెల్లో వెనుస్తి వేసిన నకలే మనకు దిక్కు.

మన సంగతికొస్తే, ‘రాధికా సాంత్వనం’ 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుడి ఆస్థానంలో ముద్దుపళని రాసిన శృంగార కావ్యం. సభలో చదువుకున్నప్పుడు లేని తప్పు, 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పూర్తి ప్రతిని అచ్చు వేయించగానే వచ్చింది. మరుసటి ఏడే ప్రభుత్వం అశ్లీలమని ప్రతులను స్వాధీనం చేసుకుంది. రాసింది స్త్రీ, వేయించింది స్త్రీ, ఇద్దరూ వేశ్యాకులం వాళ్లు. ఆనాటి పెద్దల కోపంలో ఈ మాటకు వాటా తక్కువేమీ కాదు. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉండగా ఆ నిషేధం తొలగింది. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ సరస్వతిని నగ్నంగా చూపే రేఖాచిత్రం గీసింది 1970లో. ఒక హిందీ పత్రిక 1996లో దాన్ని అచ్చు వేశాకే గొడవ. ఆ 26 ఏళ్లలో గీతలు మారలేదు. చుట్టూ ఉన్న రాజకీయం మారింది.

ప్రశ్న: అశ్లీలమా కాదా అని కోర్టు దేన్ని బట్టి తేలుస్తుంది?
– గాజువాక పాఠకుడు

జవాబు: చాలాకాలం 1868 నాటి ఇంగ్లండు తీర్పు ‘హిక్లిన్’ కొలతగా నడిచింది: తేలిగ్గా చెడిపోయే మనసు మీద పడే ప్రభావమే అందులో లెక్క. మన సుప్రీంకోర్టు 1964లో రంజిత్ ఉదేశీ కేసులో దాన్నే వాడింది. 2014లో అవీక్ సర్కార్ కేసులో పక్కన పెట్టి, ఇప్పటి సమాజపు ప్రమాణాలతో, రచన మొత్తాన్ని కలిపి చూడాలంది. పాత శిక్షాస్మృతి 292వ సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 294. పురాతన కట్టడాలు, గుళ్లు, దేవుడి రథాల మీది శిల్పాలకు అందులోనే మినహాయింపు ఉంది. మతభావాల విషయం 299వ సెక్షన్ కిందికి వస్తుంది. అక్కడ ఉద్దేశపూర్వకంగా, ద్వేషబుద్ధితో చేశారని రుజువు కావాలి. ఎవరి మనసో నొచ్చుకుందన్న ఒక్క మాట సరిపోదు.

ప్రశ్న: అర్థంకాని ఆధునిక శిల్పం మీద కూడా కేసులు నడిచాయా?
– మధురవాడ పాఠకురాలు

జవాబు: నడిచాయి. శిల్పి బ్రాంకూసీ చేసిన ‘ఆకాశంలో పక్షి’ 1926లో న్యూయార్క్ చేరింది. రెక్కల్లేవు, ముక్కులేదు, నునుపైన పొడుగాటి కంచు. కళాఖండమైతే సుంకం లేదు. కస్టమ్స్ వాళ్లకు అది లోహపు సామానులా కనిపించి 40 శాతం సుంకం వేశారు. 1928లో కోర్టు దాన్ని కళాఖండమే అంది. దేన్నీ పోలనక్కర్లేని కళ ఒకటి అప్పటికే వేళ్లూనుకుందని ఒప్పుకుంది.

ప్రశ్న: మా కాలనీ సంఘం ఒక పెద్దాయన కంచు విగ్రహం పెట్టిస్తోంది. పోలిక రాలేదని గొడవలు కావడం చాలాచోట్ల చూశాం. ముందే ఏం చూసుకోవాలి?
– ఎం.వి.పి. కాలనీ పాఠకులు

జవాబు: మన ఊళ్లలో కళ మీద రేగే గొడవల్లో తరచూ కనిపించేది ఇదే. చాలావరకు నివారించదగ్గది కూడా.

ముందు స్థలం. రోడ్లు, ఫుట్‌పాత్‌లు, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. బీచ్ రోడ్డులో సముద్రం వైపైతే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు కూడా అడ్డొస్తాయి. సంఘం సొంత స్థలమైనా కాగితాలు చేతికొచ్చాకే శిల్పికి అడ్వాన్సు ఇవ్వండి.

తర్వాత ఫొటోలు. ఎదురుగా తీసిన ఒక్క ఫొటో ఇస్తే ముక్కు ఎంత ముందుకుందో, దవడ ఎంత వెనక్కుందో శిల్పి ఊహించుకోవాల్సిందే. రెండు పక్కల నుంచి, ఏటవాలుగా తీసినవీ కావాలి. అన్నీ ఒకే వయసువై ఉండాలి. నలభై ఏళ్ల నాటి ముఖం, అరవై ఏళ్ల నాటి ముఖం కలిపి ఇస్తే విగ్రహం ఇద్దరిలో ఎవరిలానూ ఉండదు.

అసలు చిక్కు ఎత్తులో ఉంది. స్టూడియోలో ఎదురుగా నిలబడి అందరూ మెచ్చిన మట్టి ముఖం ఎనిమిది అడుగుల దిమ్మె ఎక్కేసరికి వేరే మనిషవుతుంది. కింద నుంచి చూస్తే గడ్డం, ముక్కు రంధ్రాలు ముందుకొస్తాయి, నుదురు కుంచించుకుపోతుంది, కనుగుడ్లు కింది రెప్పల చాటుకు పోతాయి. అందుకని తలను కాస్త కిందికి వంచి, నుదురు రవ్వంత పెంచి, కళ్ల గుంటలు లోతుగా చెక్కుతారు. మట్టి దశలోనే తలను దిమ్మె ఎత్తుకు లేపి, ఇంటివాళ్లను కింద నిలబెట్టి చూపించండి. ఒప్పుకుంటే అక్కడే సంతకాలు తీసుకోండి. మట్టిలో ముక్కు దిద్దడం పూట పని. కంచు పోత పోశాక అదే దిద్దాలంటే కోసి, వెల్డింగ్ చేసి, మళ్లీ రంగు పట్టించాలి; అతుకు తెలిసిపోతుంది.

తూర్పు ముఖంగా పెడితే సాయంత్రం ముఖం నీడలో పడుతుందని గుర్తుంచుకోండి. మన ఉప్పుగాలికి కంచు మీద పచ్చని మచ్చలు తేలతాయి. వాటిని చూసి ‘అవమానం’ అని ధర్నాలు చేయకముందే మంచినీటితో కడిగి మైనం పూత వేయించే ఖర్చును కూడా బడ్జెట్‌లో రాయండి.

ప్రశ్న: గోడ మీద నేను వేసిన చిత్రానికి చెప్పకుండా సున్నం కొట్టేశారు. నాకేమైనా హక్కు ఉందా?
– చిత్రకారుడు, అక్కయ్యపాలెం

జవాబు: ఉంది. ఢిల్లీ విజ్ఞాన భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన 140 అడుగుల పొడవు, 40 అడుగుల ఎత్తు కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు కళాకారుడికి తన కృతి మీద ఉండే ప్రత్యేక హక్కులు చెప్పే కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కింద మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగివ్వాలని, 5 లక్షల రూపాయలు చెల్లించాలని తీర్పు చెప్పింది. ప్రదర్శించకపోవడం ఈ సెక్షన్ కింద తప్పు కాదు, పాడుచేయడం వేరు. ఇకముందు గోడ యజమానితో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: బొమ్మ ఎన్నేళ్లుంటుంది, చెరిపే ముందు ఎన్ని రోజుల నోటీసు ఇస్తారు, మరమ్మతు ఎవరిది.

ప్రశ్న: మా బృంద ప్రదర్శనలో కొన్ని నగ్న చిత్రాలున్నాయి. హాలు బీచ్ రోడ్డు మీదే. జాగ్రత్తలు చెప్పండి.
– లాసన్స్ బే కాలనీ పాఠకురాలు

జవాబు: బొమ్మలు తీసేయమని మేం చెప్పం. వాటికి తగ్గ చోటు ఇవ్వండి. రోడ్డు నుంచి అద్దాల్లోంచి కనబడకుండా లోపలి గది కేటాయించి, గుమ్మం దగ్గరే తెలుగులో బోర్డు పెట్టండి. చూడాలా వద్దా అన్నది చూసేవాళ్ల చేతిలో ఉంటే సగం కోపం పుట్టదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57–60 అంగుళాల ఎత్తులో, వివరం పక్కనే, 24 పాయింట్‌కు తగ్గని అక్షరాల్లో ఉండాలి. పురాణ ఘట్టమైతే ఏ గ్రంథం, ఏ ఘట్టమో రాయండి. మోడల్ అంగీకార పత్రం ఫైల్లో ఉంచండి.

ఇప్పుడు గొడవ హాల్లో కంటే ఫోన్లలో ముందు రాజుకుంటుంది. వివరం కత్తిరించేసిన ఫొటో ఊరంతా తిరుగుతుంది. అందుకే పత్రికలకు పంపే ఫొటోల్లో పేరు, సందర్భం బొమ్మతో పాటే అచ్చయి ఉండాలి. మాట్లాడే బాధ్యత ఒక్కరికే అప్పగించండి. పోలీసులు దింపమంటే వాదనకు దిగకుండా ఆదేశం రాతపూర్వకంగా అడిగి, సమయం రాసుకుని, దింపే ముందు బొమ్మకు ముందూ వెనకా, నాలుగు మూలలా ఫొటోలు తీసి ఉంచుకోండి.