సమాధానం: పారిస్‌లో మనిషికి 40 యూరోలు పెట్టినా తిండి బాగాలేదంటే

తేడా మీరు తినే చోటులో, వేళలో ఉంది. ఈఫిల్ టవర్ ఎదురుగా, రాత్రిపూట, ఆరు భాషల్లో బొమ్మల మెనూ పెట్టినచోట కూర్చుంటే బిల్లు అలాగే వస్తుంది.

1. టవర్ నుంచి నాలుగైదు వీధులు లోపలికి నడవండి.

2. పెద్ద భోజనం మధ్యాహ్నానికి మార్చండి. చాలామంది వదిలేసేది ఇదే. తలుపు దగ్గర నల్లబల్ల మీద సుద్దతో 'ఫోర్ముల్' అని రాసి ఉంటుంది. స్టార్టర్, మెయిన్ (లేదా మెయిన్, డెజర్ట్) కలిపి ఒకటే రేటు. అదే వంటగది, రాత్రి కంటే బాగా తక్కువ. మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం వరకే. ఇంగ్లీష్ మెనూలో ఇది కనబడకపోవచ్చు, మొహమాటపడకుండా ఆ నల్లబల్ల వైపు వేలు చూపించండి. ఇంకో తిరకాసు: అక్కడ 'మెన్యూ' అంటే సెట్ మీల్, మనం అనే మెనూ కార్డు 'కార్త్'. 12 నుంచి 2 లోపు వెళ్లాలి. మన అలవాటులో రెండున్నరకి వెళ్తే చాలాచోట్ల పొయ్యి ఆర్పేసి ఉంటారు.

3. నీళ్లకు 'కరాఫ్ దో' అనండి, ఉచితం. ఉత్తినే 'వాటర్' అంటే సీసా తెచ్చి బిల్లులో వేస్తారు.

4. టిప్పు టెన్షన్ వద్దు. సర్వీసు రేటులోనే కలిసి ఉంటుంది.

రాత్రికి చవగ్గా కావాలంటే 1896 నాటి బుయ్యోఁ షార్తియే అనే రెస్టారెంట్ ఉంది, క్యూకి సిద్ధపడండి. శాకాహారులైతే గార్ దు నోర్ స్టేషన్ దగ్గర లా షపెల్‌కి వెళ్లండి. శ్రీలంక తమిళుల హోటళ్లలో దోసె దొరుకుతుంది.