బ్లూ యోడల్ కంట్రీనా, బ్లూసా?

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ నుంచి పాత అమెరికన్ పాటల ప్లేలిస్ట్ పంపాడండి. అందులో జిమ్మీ రోజర్స్ కంట్రీ సంగీతానికి పితామహుడని రాసుంది, పాట పేరేమో బ్లూ యోడల్, వింటే బ్లూస్ లాగే ఉంది. అసలు కంట్రీ, బ్లూస్, లాటిన్ అని ఎవరు విడగొట్టారు?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ చెవి కరెక్టేనండి, అది బ్లూసే. ఒక లైన్ పాడి, అదే లైన్ మళ్ళీ పాడి, మూడో లైన్‌తో దానికి జవాబివ్వడం నల్లవాళ్ళ బ్లూస్ పద్ధతి. 1927లో రోజర్స్ పాడిన మొదటి బ్లూ యోడల్ కూడా అలాగే నడుస్తుంది, కాకపోతే మధ్యమధ్యలో మన కిషోర్ కుమార్ పాటల్లో వినే యోడలింగ్ కలిపాడు. ఆయన తెల్లవాడే, ఊరు మిసిసిపీ, రైల్వేలో బ్రేక్‌మన్‌గా పనిచేశాడు, పట్టాలేసే నల్ల కూలీల పాటలు వింటూ పెరిగినవాడికి ఆ పద్ధతి రాకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

విడగొట్టింది రికార్డు కంపెనీలు. 1920లో నల్ల గాయని మేమీ స్మిత్ పాడిన 'క్రేజీ బ్లూస్' విపరీతంగా అమ్ముడయ్యేసరికి నల్లవాళ్ళు కొనేందుకని విడిగా రికార్డులు తీసి 'రేస్', అంటే జాతి, అన్నారు, దక్షిణాది తెల్ల పల్లెటూళ్ళ పాటలకి 'హిల్‌బిల్లీ' అని పేరు పెట్టారు, తర్వాత కంట్రీ అన్నది దాన్నే. కొనేవాళ్ళ రంగు చూసి పెట్టిన పేర్లండి ఇవి, పాట విని పెట్టినవి కావు, నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం ఇదే. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక 'రేస్' అనే మాట తీసేసి రిథమ్ అండ్ బ్లూస్ అని మార్చింది గానీ గోడ మాత్రం అలాగే ఉండిపోయింది.

విచిత్రం ఏంటంటే ఈ రెండు రకాల రికార్డులూ తీసినవాళ్ళలో ముఖ్యుడు ఒక్కడే, రాల్ఫ్ పీర్. 1927లో అమెరికాలోని బ్రిస్టల్ అనే ఊళ్ళో రోజర్స్‌నీ, కార్టర్ ఫ్యామిలీ అనే పాటల బృందాన్నీ మొదటిసారి రికార్డు చేసింది ఆయనే. తర్వాత మెక్సికో పాటల హక్కులు కూడా తీసుకున్నాడు, 'బేసమే ముచో' ఆయన కంపెనీ అచ్చేసిందే. ఆ కార్టర్ ఫ్యామిలీ పెద్దాయన పాటలు పోగేయడానికి కొండ ఊళ్ళు తిరుగుతుంటే పక్కనే ఉండి ట్యూన్లు గుర్తుపెట్టుకుని వచ్చి నేర్పింది లెస్లీ రిడిల్ అనే నల్ల గిటారిస్టు, ఆయన పేరు ఎంతమందికి తెలుసండి?

ఇక లాటిన్ సంగతి. బ్లూస్ పాటలు రాసిన నల్ల సంగీతకారుడు డబ్ల్యూ.సి. హ్యాండీ 1900లో క్యూబా వెళ్ళొచ్చాడు, 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' రాశాడు. అందులో మధ్య భాగం జాగ్రత్తగా వినండి, తాళం ఒక్కసారిగా మారి దూ...త దూం దూం అని ఊగుతుంది, అది క్యూబా రాజధాని హవానా నుంచి వచ్చిన హబనేరా అనే తాళం. బ్లూస్‌లో అంత పేరున్న పాట నడుముకే క్యూబా తాళం ఉందన్నమాట!

మీ అబ్బాయికి చెప్పి 'బ్లూ యోడల్ నంబర్ 9' కూడా ఆ లిస్టులో పెట్టించుకోండి. 1930 జూలైలో హాలీవుడ్‌లో తీశారు. రోజర్స్ ఒక్కో లైన్ పాడి ఆపగానే పక్కనుంచి ఒక ట్రంపెట్ అందుకుంటుంది, అది వాయించింది జాజ్‌లో పేరుమోసిన నల్ల సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్, పియానో ఆయన భార్య లిల్. రికార్డు లేబుల్ మీద మాత్రం రోజర్స్ పేరొక్కటే వేశారు.