తుడవని పలక

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. ల్యాబులో వారం రోజులు సరిగ్గా నడిచిన ప్రోగ్రాము పరీక్ష నాడు ఎగ్జామినర్ ఎదుట తప్పు లెక్క చూపించిన సంగతి రాశావు చూడు, ఆ పేరాలో ఒక్క అక్షరం కూడా మార్చకు. ఆ తర్వాతి పేజీలో ఒక వాక్యం నన్ను ఆపేసింది. "విలువ ఇవ్వని పాయింటర్ ఖాళీగా ఉంటుంది, దాన్ని వాడితే ప్రోగ్రాము ఆగిపోతుంది" అన్నావు. పాయింటర్ అంటే మెమరీలో ఒక చోటి చిరునామాను దాచుకునే వేరియబులే కదా. ఈ ఉత్తరం ఆ వాక్యం కోసమే.

ఆ "ఖాళీ"ని కొట్టెయ్యమ్మా. మెమరీలో ఖాళీ అంటూ ఏమీ ఉండదు. ప్రతి బైటులోనూ ఏదో ఒక అంకె ఉంటుంది, సున్నా అయినా సరే. నువ్వు చెప్పింది నల్ పాయింటర్ సంగతి. అందులో ఎక్కడికీ దారి చూపని విలువను మనమే తెలిసి పెడతాం. ఇప్పటి ఆపరేటింగ్ సిస్టములలో ఆ దారిన వెళ్లిన ప్రోగ్రాము సాధారణంగా అక్కడే కూలిపోతుంది, తప్పు బయటపడుతుంది. విలువ ఇవ్వని పాయింటర్ తీరు వేరు. సీ భాషలో ప్రోగ్రాము నడిచినంతసేపూ ఉండే గ్లోబల్, స్టాటిక్ వేరియబుల్స్ సున్నాతో మొదలవుతాయి. ఫంక్షన్ లోపలి మామూలు వేరియబుల్‌కు ఆ హామీ లేదు. దానికి స్టాకులో, అంటే ఫంక్షన్లు ఒకదాని తర్వాత ఒకటి వాడుకునే మెమరీలో, దొరికిన చోట అంతకుముందు నడిచిన ఫంక్షన్ వదిలి వెళ్లిన అంకెలు అలాగే ఉండవచ్చు. మెమరీ అడిగినప్పుడు మాల్‌లాక్ అనే ఫంక్షన్ ఇచ్చే చోటుదీ అదే కథ. సున్నాలు నింపి ఇచ్చేది క్యాలాక్.

చిన్నప్పుడు బడిలో పలక తుడవకుండా పక్కవాడికి ఇచ్చేవాళ్లం. వాడి చేతికి వచ్చేది మన రాతే. పాయింటర్ విషయంలో ఆ రాత ఒక చిరునామా అవుతుంది. ప్రోగ్రాము దాన్ని నమ్మి ఆ ఇంటికి వెళ్తుంది, అక్కడ చదువుతుంది, ఒక్కోసారి రాస్తుంది. ఆ చోట ఉన్నదాన్ని ఫంక్షన్ చిరునామా అనుకుంటే నడిపిస్తుంది కూడా. మన కాలేజీల్లో దీన్ని "గార్బేజ్ వాల్యూ" అని నేర్పి వదిలేస్తారు. ఆ మాట మీద నాకు ముప్పై ఏళ్ల కోపం ఉంది. చెత్త అనగానే అది ఎవరికీ పనికిరాదని పిల్లలు అనుకుంటారు. దాడి చేసేవాడు ముందుగా ఆ పలక మీద తనకు కావలసింది రాసి, ఆ తర్వాత అది నీ చేతికి వచ్చేలా చూస్తాడు.

2012 జూన్‌లో జరిగింది ఇదే. ఎక్స్ఎంఎల్ ఫైళ్లను చదివిపెట్టే మైక్రోసాఫ్ట్ ఎక్స్ఎంఎల్ కోర్ సర్వీసెస్‌లో విలువ అందని మెమరీని వాడే లోపం ఉందని, దాన్ని వాడుకుని దాడులు అప్పటికే జరుగుతున్నాయని ఆ సంస్థే ప్రకటించింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో ఒక వెబ్ పేజీ తెరిస్తే చాలు, ఎదుటివాడి కోడు నీ అధికారాలతో నీ యంత్రంలో నడిచేది. మరమ్మతు జులై 10న వచ్చింది. నీ వ్యాసానికి ఈ ఉదంతం వెన్నెముక కావాలి. నువ్వేమో హార్ట్‌బ్లీడ్‌ను తెచ్చి పెట్టావు. సర్వర్ల మెమరీలోని రహస్యాలు బయటికి కారిపోయిన 2014 నాటి ఆ లోపం హద్దు దాటి చదవడం. అవతలివాడు చెప్పిన పొడవును సరిచూడకుండా నమ్మి, ఒక్కో విన్నపానికి 64 కిలోబైట్ల దాకా మెమరీని పంపించేయడం. దానికీ దీనికీ చుట్టరికం ఉంది కానీ ఇల్లు ఒకటి కాదు. పేరున్న ప్రమాదం కదా అని తెచ్చి అతికించకు.

నా సంగతి చెబుతాను. తొంభైలలో హైదరాబాదులో ఒక కంపెనీలో పనిచేసేటప్పుడు నేను రాసిన ఖాతాల ప్రోగ్రాము నెలాఖరున మాత్రమే తప్పేది. మూడు రాత్రులు ఆఫీసులోనే గడిపాను. ఎక్కడ తప్పుతోందో చూద్దామని మధ్యలో ఒక ప్రింట్ లైను పెడితే తప్పు మాయమయ్యేది, తీస్తే తిరిగి వచ్చేది. చివరికి తెలిసింది: ఒక షరతు నిజమైతేనే పాయింటర్‌కు విలువ ఇచ్చాను. నెలాఖరు లెక్క మరో దారిలో వెళ్లేది. నేను పెట్టిన ప్రింట్ లైను స్టాకులో పాత రాతను మార్చేసేది. నువ్వు కూడా చూడవలసింది ఈ పక్కదారులనే. మరీ ముఖ్యంగా, మధ్యలో తప్పు ఎదురై సర్దుబాటు చేసే చోటికి దూకినప్పుడు, ఇంకా విలువ అందని పాయింటర్‌ను, మెమరీని తిరిగి ఇచ్చేసే ఫ్రీ ఫంక్షన్‌కు అప్పగించే లైన్లను చూడు.

ఆ అనుభవాన్ని వ్యాసంగా రాసి ఒక పత్రికకు పంపాను. సంపాదకుడు పాఠకులు భయపడతారని కోడు లైన్లన్నీ తీసేశాడు. పాయింటర్ అన్న చోటల్లా "సూచిక" అని మార్చాడు. ఇండెక్స్‌ను నేను అప్పటికే సూచిక అన్నాను! రెండూ కలిసిపోయి, అచ్చులో నా వ్యాసం నాకే అర్థం కాలేదు. అందుకే చెబుతున్నాను, పాయింటర్‌ను పాయింటర్ అనే రాయి. కోడు తీసేస్తామంటే వ్యాసం వెనక్కి తీసుకో. ఇప్పటి సంపాదకులకు ముసుగు మనిషి బొమ్మ, "మీ ఫోను భద్రమేనా" అనే శీర్షిక కావాలి. రెండూ ఇవ్వకు.

"రస్ట్ నేర్చుకుంటే ఈ సమస్య ఉండదు" అని ముగించావు. రస్ట్ భాష కంపైలర్ మామూలు కోడులో విలువ ఇవ్వని వేరియబుల్‌ను చదవనివ్వదు, నిజమే. కానీ లక్షల లైన్ల సీ కోడు ఇంకా నడుస్తోంది, దాన్ని కాపాడేవాళ్ల గురించి కూడా రాయి. సీ కంపైలర్లలో, క్లాంగ్‌లోనూ, 2022లో వచ్చిన జీసీసీ 12 నుంచీ లోపలి వేరియబుల్స్‌ను తనంతట తనే సున్నాతో నింపే ఏర్పాటు ఉంది. విండోస్, ఆండ్రాయిడ్ కూడా ఈ దారి పట్టాయి.

హెచ్చరిక వస్తే ఆ లైను తీసేయమన్న నీ సలహా మాత్రం ప్రమాదం. 2006లో డెబియన్ అనే లినక్స్ తయారుచేసేవాళ్లు, రహస్యలిపి పనులు చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో చేసింది అదే. విలువ అందని మెమరీ అని, మెమరీ తప్పులు వెతికే వాల్‌గ్రైండ్ గొణిగిందని రెండు లైన్లు తీశారు. వాటిలో ఒకటి అసలైన యాదృచ్ఛికతను చేర్చే లైను, రహస్య తాళంచెవిని ఎవరూ ఊహించకుండా చేసేది అదే. 2008 మేలో బయటపడేసరికి, ఒక్కో రకం తాళంచెవికి దాదాపు 32,768 అవకాశాలే మిగిలాయి. దూరపు యంత్రంలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ తాళంచెవులు ఎందరో మళ్లీ తయారు చేసుకోవలసి వచ్చింది. అది పాయింటర్ కథ కాదని రాస్తూనే ఈ ఉదంతం చెప్పు.

పారితోషికం గురించీ, ఏ పత్రికకు పంపాలన్నదాని గురించీ అడిగావు. వాటిని ఇప్పుడు పక్కన పెట్టు. ల్యాబులో నిన్ను ఏడిపించిన ఆ ప్రోగ్రాము ఇంకా ఉంటే, కోడును వేగంగా నడిచేలా కంపైలర్ మలిచే ఆప్టిమైజేషన్ లేకుండా ఒకసారి, పెట్టి ఒకసారి కంపైల్ చేసి, రెండు ఫలితాలూ కోడుతో సహా పంపు. నా దగ్గర కూడా నడిపి చూస్తాను.