క్యాన్సర్ ఉన్నవాళ్లకు రక్తం ఎందుకు గడ్డకడుతుంది?

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని క్యాన్సర్ ఆసుపత్రిలో కీమో తీసుకుంటున్న మీ అమ్మగారికి కాలు వాచిందని, స్కాన్‌లో సిరలో రక్తం గడ్డ కనిపించిందని, దీనికీ క్యాన్సర్‌కూ సంబంధం ఉందా అని అడిగారు. ఉంది, గట్టిగానే ఉంది. ఫ్రెంచి వైద్యుడు ట్రూసో 1865లోనే ఈ సంగతి చెప్పాడు.

మామూలుగా రక్తనాళం తెగినప్పుడు ‘టిష్యూ ఫ్యాక్టర్’ అనే ప్రొటీన్ రక్తానికి తగిలి, గడ్డకట్టే ప్రక్రియ మొదలవుతుంది. చాలా రకాల క్యాన్సర్ కణాలు గాయమేమీ లేకుండానే ఈ ప్రొటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతాయి. కణితి నుంచి వచ్చే రసాయనాలు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లను కూడా రెచ్చగొడతాయి. క్లోమం, జీర్ణాశయం, మెదడు క్యాన్సర్లలో ఈ ముప్పు మరీ ఎక్కువ. సిస్‌ప్లాటిన్ లాంటి కీమో మందులు, ఆపరేషన్, సెంట్రల్ లైన్ (మందులు ఎక్కించడానికి పెద్ద సిరలో పెట్టే గొట్టం), మంచానికే పరిమితం కావడం దీనికి తోడవుతాయి. కణితి సిరను నొక్కినా రక్తం నిలిచిపోతుంది.

వాపు తగ్గింది కదా అని రక్తం పలుచన చేసే మందు మీ అంతట మీరు ఆపకండి, అది చాలా ప్రమాదం. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వస్తే గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమోనని అనుమానించాలి. అప్పుడు ట్రాఫిక్‌లో రెడ్‌హిల్స్ దాకా వెళ్లాలని చూడకండి. వెంటనే 108కి ఫోన్ చేసి, దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.