బెత్తం ఇప్పుడే వద్దు

ప్రశ్న: నాకు 31, మా ఆయనకు 34. పెళ్లయి ఆరేళ్లు. పడకగదిలో దెబ్బలు తినడం నాకు ఇష్టమని పోయినేడాది సిగ్గు చంపుకొని ఆయనకు చెప్పాను. మొదట కంగారుపడ్డారు, తర్వాత ఒప్పుకున్నారు. ఇప్పుడు నాకంటే ఆయనకే ఉత్సాహం ఎక్కువైంది. ఆరు వస్తువుల సెట్ ఒకటి చూసి ఆర్డర్ పెట్టబోయారు. బెత్తం, చిన్న కొరడా, బ్యాటులా చదునుగా ఉండే తోలు ప్యాడిల్, ఇంకా నాకు పేర్లు తెలియనివేవో ఉన్నాయి అందులో. ముందు ఏది కొనాలి? మేం అత్తమామలతో కలిసి ఉంటాం. చప్పుడు సంగతి, పార్సిల్ సంగతి తలుచుకుంటేనే టెన్షన్. అసలిది జబ్బేమో అని కూడా ఒక్కోసారి అనిపిస్తుంది.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: చివరి మాటతో మొదలుపెడతానమ్మా. జబ్బు కాదు. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో, ఇద్దరు పెద్దవాళ్లు ఇష్టపడి చేసుకునే ఇలాంటివాటికి చోటు లేదు.

ఇక సెట్ సంగతి. ఆ ఆర్డర్ ఆపేయమనండి. ఆరింట్లో నాలుగు బీరువా అడుగున పడి ఉంటాయి, ఐదోది ఎవరికో ఒకరికి దెబ్బ తగిలిస్తుంది. మొదటి నెలంతా అరచేయి చాలు. పిసినారితనంతో చెప్పడం లేదు, నేను 22 ఏళ్లు ఫిజియోథెరపీ చేసినదాన్ని. చేయి ఎంత గట్టిగా పడిందో కొట్టినవాళ్లకు అప్పటికప్పుడే తెలుస్తుంది, ఎందుకంటే వాళ్ల చెయ్యీ మండుతుంది. కర్ర పట్టుకుంటే ఆ కబురు అందదు.

మన పాతకాలం వాళ్లకూ ఇది తెలుసు. వాత్స్యాయనుడి కామసూత్రాల్లో ప్రహణనం అని దెబ్బల గురించే ఒక భాగం ఉంది. ఆయన చెప్పిన నాలుగు రకాలూ చేత్తో కొట్టేవే: చేతి వెనుక వైపుతో, కాస్త ముడిచిన చేత్తో, పిడికిలితో, చదునైన అరచేత్తో. దక్షిణాదివాళ్లు వీటికి కీల (మేకు), కర్తరి (కత్తెర) లాంటి ఇంకో నాలుగు కలుపుకుంటారని రాసి, వెంటనే మందలించాడు. కుంతల దేశాన్ని ఏలిన శాతకర్ణి శాతవాహనుడు కర్తరి దెబ్బతో తన పట్టపురాణి మలయవతి ప్రాణం తీశాడని పేరు పెట్టి మరీ చెప్పాడు. మన శాతవాహనులే! మోజులో చెయ్యి అదుపు తప్పడం ఈనాటిది కాదు.

నెల తర్వాత కొనాలనుకుంటే ఒక్కటే కొనండి: తోలు ప్యాడిల్. పొట్టిగా, తేలిగ్గా, అరచేయంత వెడల్పుగా ఉండాలి. మొత్తం పొడవు ఒక అడుగు దాటకూడదు. అంచులు నున్నగా ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి, కుట్లు పైకి లేచి ఉంటే వెనక్కి పంపేయండి.

ఎందుకు అదే? దెబ్బల్లో చుర్రుమనేవి వేరు, ధబ్బుమనేవి వేరు. సన్నగా, గట్టిగా ఉన్నవి చుర్రుమంటాయి. బలమంతా గీతంత చోటులో పడుతుంది కాబట్టి చర్మం చిట్లుతుంది, వాత తేలుతుంది. చిన్నప్పుడు చింతబరికె రుచి చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. బెత్తం దానికి అన్నగారు. వెడల్పుగా ఉన్నది అదే బలాన్ని పరుస్తుంది. సిలికాన్ వాటిని చూసి మెత్తన అనుకుని మోసపోకండి, చర్మానికి అంటుకుని భలే చురుక్కుమంటాయి.

పొడవైనవాటితో ఇంకో చిక్కుంది. ఒకావిడ తుంటి మీద నల్లగా కమిలి నా దగ్గరికి వచ్చింది. బాత్రూంలో జారిపడ్డానంది. పడితే అలా చారలా కమలదు. మూడోసారి వచ్చినప్పుడు చెప్పింది, నడుముకు పెట్టుకునే బెల్టు అని. కొట్టింది వెనకే, కానీ బెల్టు కొస చుట్టు తిరిగి తుంటి ఎముక మీద పడింది. తాడైనా తోలైనా తిరిగే కొసకే వేగం ఎక్కువ. ఇంట్లో ఉంది కదా, ఖర్చు లేదు కదా అని అందరూ మొదట బెల్టే తీస్తారు. తీయకండి. తోలు పోగుల కుచ్చు, అదే ఫ్లాగర్ అంటారే, దానికీ ఇదే చిక్కు. దిండు మీద గురి కుదిరేదాకా మనిషి మీద వద్దు.

ఏది కొన్నా ముందు ఆయన తన తొడ మీద తనే కొట్టుకుని చూడాలి. దీనికి మినహాయింపు లేదు.

చోటు: పిరుదుల కింది సగం, తొడల వెనుక కండ ఉన్న పైభాగం. అంతే. నడుము పైన పక్కటెముకల కింద మూత్రపిండాలుంటాయి, అక్కడ వద్దు. వెన్నుపూస, తోక ఎముక, మెడ, మోకాళ్ల వెనక కూడా వద్దు. మొదటి పది నిమిషాలు నెమ్మదిగా సాగాలి, ఒళ్లు వేడెక్కాలి. మందు తాగిన రాత్రి ముట్టుకోకండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే మొదలుపెట్టకముందే డాక్టరుతో మాట్లాడండి. తర్వాత తిమ్మిరి పోకపోయినా, మూత్రం ఎర్రగా వచ్చినా సిగ్గుపడుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఆపమనడానికి ఒక మాట పెట్టుకోండి. "వద్దు", "అబ్బా" లాంటివి ఆటలో ఊరికే వచ్చేస్తాయి కాబట్టి పనికిరావు. "గోంగూర" అన్నారంటే ఇక ఎవరికీ అనుమానం ఉండదు. నవ్వొచ్చినా నష్టం లేదు, చెయ్యి ఆగితే చాలు. మర్నాడు కారణం లేకుండా దిగులు కమ్మొచ్చు. ఆ సంగతి ఇద్దరికీ ముందే తెలిసుంటే కంగారు ఉండదు. ఆ రాత్రి అటు తిరిగి పడుకోవద్దని ఆయనకు చెప్పండి.

చప్పుడు మాత్రం నేను తీర్చలేను తల్లీ. నాలుగున్నర అంగుళాల గోడకు ఫ్యాన్ హోరూ, టీవీ సీరియలూ చాలవు, తోలు ప్యాడిల్ టపాకాయలా పేలుతుంది. అత్తమామలు తిరుపతి వెళ్లే రోజు చూసుకోండి. పార్సిల్ ఆయన ఆఫీసు దగ్గరి పికప్ పాయింట్‌కి తెప్పించుకోండి.

ప్రశ్న: మా ఆవిడకు ఇలాంటివి ఇష్టం లేదు. చిన్న చిన్న దెబ్బలతో తెలియకుండా అలవాటు చేస్తే తర్వాత నచ్చుతుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేయకూడదు. ఇష్టం లేదని ఆవిడ చెప్పేశారు. అది దాటి చేసేది గృహహింస, 2005 నుంచి దానికి చట్టం ఉంది. ఈ పేజీ ఆవిడ కంటపడితే, మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181.