ఆ 20 మార్కుల దగ్గర ఆగు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ నవల రాతప్రతి చేరి మూడు వారాలైంది. 47వ పేజీలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. రెండు రోజులు మళ్ళీ ముట్టుకోలేదు. అంత కోపం వచ్చింది. "జాన్ ఆఫ్ గాంట్‌కు కాథరిన్ స్విన్‌ఫర్డ్ అనే ఉంపుడుగత్తె వల్ల నలుగురు పిల్లలు కలిగారు." అంతే! ఆ వెంటనే కత్తులు, గుర్రాలు, ఫ్రాన్స్ దండయాత్ర. నవలకు ప్రాణమైన మనిషిని ఒక్క ముక్కలో గుమ్మం బయటికి పంపేశావు.

మొదటి పేజీలోనే వంశవృక్షం వేశావు. గాంట్ ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కొడుకు, నాలుగో హెన్రీ తండ్రి, ఏడో హెన్రీ ముత్తాతకు తండ్రి. అన్నీ నిజాలే. కానీ గడపలో శాసనం నిలబెడితే పాఠకుడు లోపలికి ఎలా వస్తాడు? నలభై ఏళ్ళుగా చెబుతున్నదే నీకూ చెబుతున్నాను. చరిత్ర నవల రాసేవాళ్ళు సింహాసనం దగ్గరికి పోకూడదు, జమాఖర్చుల పుస్తకం దగ్గర కూర్చోవాలి. అందులోనూ గాంట్ జీవితమంతా రాజు కాకుండానే గడిపినవాడు. స్పెయిన్‌లోని కాస్టిల్ రాజ్యానికి రాజునని చెప్పుకుంటూ పదహారేళ్ళు తిరిగి, చివరికి 1388లో డబ్బు పుచ్చుకుని ఆ హక్కు వదులుకున్నాడు. అలాంటివాడి కథలో కిరీటం వెంట పరుగెత్తి నీకు దొరికేదేమిటి?

1373 నాటి రాజు ఖజానా లెక్కల్లో ఒక పద్దు ఉంది. గాంట్ రెండో భార్య కాన్‌స్టన్స్‌కు బిడ్డ పుట్టిందన్న వార్త ముసలి ఎడ్వర్డ్‌కు తెచ్చినందుకు ఒక స్త్రీకి 20 మార్కుల బహుమానం. ఆ స్త్రీ కాథరిన్. గాంట్ కొలువులో ఉన్న భర్త 1371లోనే పోయాడు. ఇంట్లో పిల్లలున్నారు. గాంట్ మొదటి భార్య బ్లాంచ్ కన్న ఆడపిల్లలను పెంచే పని ఆమెది. ఆ ఏడాదికి కాస్త అటూ ఇటూగానే కాథరిన్‌కూ గాంట్‌కూ మొదటి కొడుకు పుట్టాడు. భార్య కాన్పు కబురు మోసుకొచ్చిన చేతిలో రాజు డబ్బు పెడుతున్నాడు! మార్కు అనే నాణెం లేదు, అది లెక్కకు మాత్రమే. 13 షిల్లింగుల 4 పెన్నీలు. మరి ఆమె చేతిలో ఏం పడింది? వెండి పెన్నీల సంచి ఎంత బరువుంది? దాన్ని ఎక్కడ దాచింది? అదే ఏడాది గాంట్ ఫ్రాన్స్‌లో కలే నుంచి బోర్డో దాకా సైన్యాన్ని నడిపించి, పెద్ద యుద్ధమేదీ చేయకుండానే వేలాది గుర్రాలను పోగొట్టుకున్నాడు. నీకు ఆ గుర్రాలే కనిపించాయి.

ఇది నా సొంత గాయం కూడా. నా మొదటి సీరియల్‌లో ఒక దాసి కోటలోని దీపాలు లెక్కపెట్టే సన్నివేశం రాశాను. వారపత్రిక సంపాదకుడు ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, "దీపాల లెక్క ఎవరికి కావాలండీ, యుద్ధం పెట్టండి" అన్నాడు. పెద్దమ్మాయి ఫీజు కట్టాల్సిన నెల అది. యుద్ధం పెట్టాను. ఇప్పటికీ ఆ సంచిక తెరవడానికి మనసొప్పదు. ఆయన కంటపడకుండా మిగిలిపోయిన ఒక్క దీపం గురించి మాత్రం ఎవరో టీచరమ్మ నాలుగు పేజీల ఉత్తరం రాసింది. యుద్ధం గురించి ఎవరూ ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఆ సంపాదకుల పుణ్యమా అని మన చారిత్రక నవలల్లో ఇప్పటికీ అందరూ "ఔరా!" అనే మాట్లాడుకుంటున్నారు. నీ గాంట్ కూడా అన్నాడు, తొమ్మిది సార్లు. కొట్టేయి.

1381 జూన్ 13న లండన్‌లో గాంట్ నివాసమైన సవాయ్ భవనం తగలబడటం పదకొండు పేజీలు రాశావు. అన్నీ మంటలే. తిరగబడిన జనం అక్కడి సొత్తు ఇంటికి మోసుకుపోలేదని తెలుసు కదా? బంగారు పళ్ళేలు విరగ్గొట్టి థేమ్స్‌లో పారేశారు. వెండి సామాను దాచుకోబోయిన ఒకణ్ణి తోటివాళ్ళే మంటల్లోకి తోశారు. తలపన్ను కడుతూ కడుపు కాలినవాళ్ళు, మేం దొంగలం కాము అన్నారు. ఆ మనిషి ఎవరు, ఎవరికోసం దాచాడు? అప్పుడు గాంట్ స్కాట్లండ్ సరిహద్దులో సంధి మాట్లాడుతున్నాడు. ఇల్లు కాలిన సంగతి ఎవరో వచ్చి చెప్పాలి. ఆ భవనాన్ని అతను మళ్ళీ కట్టలేదు. తప్పు ఒప్పుకుని కాథరిన్‌ను దూరం పెట్టాడని ఆనాటి చరిత్రకారులు రాశారు.

తర్వాత పదిహేనేళ్ళకు, కాన్‌స్టన్స్ కూడా పోయాక, 1396 జనవరిలో లింకన్‌లో కాథరిన్‌ను పెళ్ళాడాడు. అప్పటికి 55 ఏళ్ళవాడు. రాజు కొడుకు, తన పిల్లలను పెంచిన స్త్రీని! మరుసటి ఏడాది పార్లమెంటు వాళ్ళ నలుగురు పిల్లలనూ సక్రమ సంతానంగా ఒప్పుకుంది. పెద్దకొడుకు మనవరాలి కొడుకే 1485లో గద్దెనెక్కిన ఏడో హెన్రీ. కూతురు జోన్ మనవలు నాలుగో ఎడ్వర్డ్, మూడో రిచర్డ్. అంటే ఇంగ్లండ్ గద్దె కోసం జరిగిన గులాబీల యుద్ధంలో రెండు పక్షాలా కత్తి దూసింది కాథరిన్ వారసులే. ఈ సంగతి నీ వంశవృక్షంలో చిన్న గీతగా ఉంది. నవలలో ఎక్కడా లేదు.

సమాధి మీద గాంట్, బ్లాంచ్ బొమ్మలు కుడిచేతులు కలుపుకుని పడుకున్నట్టు రాసిన పేరా బాగుంది. దాన్ని కదపకు.

పోటీకి పంపాలా, ప్రచురణకర్తను కలవాలా అని అడిగావు. ముందు నేను చెప్పింది చెయ్యి. గాంట్ 1399 ఫిబ్రవరి 3న లెస్టర్ కోటలో పోయాడు. పోయాక నలభై రోజుల దాకా పాతిపెట్టవద్దని వీలునామాలో రాయించాడు. దేహం చుట్టూ వెలిగించాల్సిన పెద్ద కొవ్వొత్తుల లెక్క కూడా చెప్పాడు. తాను మీరిన పది ఆజ్ఞలకు పది, ఆపైన ఏడు, క్రీస్తు గాయాలకు అయిదు, త్రిత్వానికి మూడు. తనను లండన్‌లోని సెయింట్ పాల్స్ చర్చిలో బ్లాంచ్ పక్కన పెట్టమన్నాడు. పెళ్ళయి మూడేళ్ళు నిండిన కాథరిన్ ఆ పాతిక కొవ్వొత్తుల వెలుగులో ఎక్కడ నిలబడింది? ఆ పది ఎవరి వల్లనో ఆమెకు తెలుసు. వంశవృక్షం చించేసి, ఆ పేజీ రాసి పంపు.